తడిసీమలో తురగము

కళింగము గజముల నేల. తురగముల నేల గాదు. మధ్యయుగమున ఢిల్లీ సుల్తానులకు అశ్వపతులనియు, హంపీ విజయనగర ప్రభువులకు నరపతులనియు, ఓఢ్రకళింగాధీశులకు గజపతులనియు వాడుక యేర్పడినది. ఈ మూడు పేరులును బిరుదావళికే పరిమితములు గాక ఆయా భూముల గాలినీటిని బట్టి పుట్టినవని నేను తలంతును. తూర్పుకనుమల యడవులు ఏనుగునకు పుట్టినిల్లు. విజయనగరము పూసపాటి ప్రభువుల పేరులలో గజపతి శబ్దము నేటికిని నిలిచియున్నది. గుఱ్ఱమన్ననో, శ్రీకాకుళ పట్టణము నానుకొనియున్న అరసవల్లిలో సూర్యనారాయణమూర్తి రథమునకు ఏడింటిని పూన్చి శిల్పి మలచినను, సీతంపేట కొండలలోని సవరలు తమ గోడచిత్రములందు దేవతలను గుఱ్ఱముల నెక్కించి వ్రాసికొనినను, ఈ సీమ కది యెల్లప్పుడును వెలినుండి వచ్చిన యతిథియే. పారశీక, అరబ్బు తీరములనుండి ఓడలలో దక్షిణాపథమునకు దిగిన గుఱ్ఱములలో పెక్కు కొలదికాలమునకే చచ్చుచుండెననియు, వానికి వండిన యన్నమును మాంసమును పెట్టుచుండిరనియు 13వ శతాబ్ది చివర వచ్చిన మార్కోపోలో వ్రాసెను. ఆయన చెప్పినది పాండ్యదేశపు తీరమును గూర్చియే యైనను, గాలియు మేతయు మాఱినపుడు ఈ జంతువు ఎంత త్వరగా కృశించునో తెలిసికొనుటకు ఆ సాక్ష్యము చాలును.

పెంపుడుగుఱ్ఱపు జన్మస్థానము ఓల్గా, డాన్ నదుల ప్రాంతపు గడ్డిమైదానములనియు, క్రీస్తుపూర్వము 2200 ప్రాంతమున అచటినుండి బయలుదేఱి అది లోకమంతట వ్యాపించెననియు, పురాతనాస్థులలోని జన్యుపదార్థమును పరీక్షించి 2021లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. ఆ మైదానములు చల్లనివి, పొడివి, ఎడతెగక గాలి వీచునవి. నేల గట్టిది, గడ్డి మోటుది. ఆ నేలపై దినమున మూడువంతులు మేయుచు నడచుటకు కుదిరిన దేహమును తెచ్చి, సముద్రపుగాలిలో ఉప్పును ఉక్కయు నిండిన మన తీరమున కట్టివేసితిమి. ఎండనే అందఱును నిందింతురుగాని, ఈ ప్రాంతమున గుఱ్ఱమును పడవేయునది తేమ. వేసవిలో చెమటను ఆరనీయనిదియు, వానకారున గిట్టను కుళ్ళించునదియు, ఈగలను పుట్టించునదియు, గడ్డివామిలో బూజు పట్టించునదియు అదియే. ఇచట గుఱ్ఱమును పెంపదలచినవాడు ఏఋతువునందైనను మొదట విచారింపవలసినది ఆ తేమనుగూర్చియే.

ఇప్పుడీ ప్రాంతమున గుఱ్ఱము గలవారెవరు? రైలుస్టేషనుల వాకిట బారులుతీరిన జట్కాబండ్లు పోయి తరము దాటినది. సంస్థానముల అశ్వశాలలు చరిత్రలో గలిసిపోయినవి. భీమిలి, విశాఖ తీరములందు పిల్లల నెక్కించుకొని ఇసుకపై తిరుగునవి కొన్ని, పెండ్లి యూరేగింపులకు కైసేయబడునవి కొన్ని, ముచ్చటపడి యువకులు కొనితెచ్చుకొన్నవి కొన్ని గలవు. కాని గుఱ్ఱముతో బ్రదుకు నిజముగా ముడివడియున్నది మన్యమునందు. శృంగవరపుకోట కెగువనున్న అనంతగిరి మొదలు హుకుంపేట, పాడేరు, జి.మాడుగుల వఱకును, బండి యెక్కలేని కొండపల్లెలకు వారపుసంతనుండి ఉప్పును బియ్యమును మోసికొనిపోవునదియు, అచటి కాఫీగింజను మిరియమును పసుపును క్రిందికి దించునదియు పొట్టి కొండగుఱ్ఱమే. మార్వాడీ, కాఠియావాడీ, మణిపురీ యని జాతులను లెక్కించు పట్టికలలో దానికి స్థానము లేదు. ఐనను తేమకు తాళి, నున్నని బండలపై గిట్ట జాఱక, గెడ్డ పొంగినపుడు దాటదగిన చోటు తానే యెఱిగి నిలుచు నేర్పు దానికి గలదు. పెద్దజాతి గుఱ్ఱముకొఱకు వేలకువేలు వెచ్చించి తీరమునకు తెచ్చువారు ముందుగా ఒకమాఱు ఈ కొండతట్టువలను చూచి రావలెనని నా కోరిక.

ఇక వేసవి మాట. పరుగెత్తు గుఱ్ఱపు కండరములలో వెలువడు శక్తిలో ఇంచుమించు నాల్గవవంతు మాత్రమే కదలికగా మాఱును, తక్కినదంతయు వేడియగును. ఆ వేడిని వెలికి నెట్టుటకు దానికి గల ముఖ్యసాధనము చెమట. మనుష్యునివలె విరివిగా చెమర్చు జంతువులు అరుదు. వానిలో గుఱ్ఱము ప్రథమగణ్యము. తీవ్రశ్రమలో గంటకు 10 మొదలు 15 లీటర్ల వఱకును చెమర్చును. దాని చెమటలో లేథరిన్ అను మాంసకృత్తు కలదు. జిడ్డుగానున్న రోమములను తడిపి, చెమటను చర్మమునుండి వెండ్రుకల కొనలదాక ప్రాకించి, అచట గాలికి ఆరునట్లు చేయుట దాని పని. జీనుక్రిందను, తొడల నడుమను, కళ్ళెపు వారు రాచుకొను మెడపైనను తెల్లగా కనబడు నురుగు ఈ లేథరిన్ వలననే. ఒక లీటరు చెమట ఆవిరియైనచో సుమారు 580 కిలోకేలరీల వేడి దానివెంట పోవును. ఆవిరి గాక కడుపుక్రిందనుండి నేలకు కారిపోయినచో నీరును ఉప్పును నష్టమేగాని వేడి తగ్గదు. గాలి యప్పటికే నీటితో నిండియున్న తీరమున జరుగునది తఱుచుగా ఈ రెండవదియే.

గుఱ్ఱములవారు చేయు లెక్క యొకటి కలదు. ఫారెన్‌హీటు డిగ్రీలను గాలిలోని తేమశాతముతో కూడవలెను. మొత్తము 130 లోపైనచో భయము లేదు, 150 దాటినచో పనిని తగ్గింపవలెను, 180 చేరినచో జీను వేయనేరాదు. రోహిణికార్తెలో కళింగపట్టణపు తీరమున 34 సెంటీగ్రేడు డిగ్రీల వేడియు 75 శాతము తేమయు గలవనుకొందము: 34 డిగ్రీలనగా ఫారెన్‌హీటున 93, మొత్తము 168. అదే దినమున అనంతపురమున 41 డిగ్రీల వేడి, 25 శాతము తేమ యనుకొన్నచో 106కు 25 చేరి 131 మాత్రమే యగును. మనుష్యుడు అనంతపురపు టెండను చూచి జంకును. గుఱ్ఱమునకు కళింగపట్టణమే కష్టము. బరువులాగు, మోయు జంతువుల హింసానివారణకై 1965లో కేంద్రప్రభుత్వము చేసిన నియమావళి, 37 సెంటీగ్రేడు డిగ్రీలు దాటు ప్రాంతములందు మధ్యాహ్నము 12 మొదలు 3 గంటల వఱకు వానిచేత పని చేయింపరాదని శాసించినది. మంచి శాసనమే, కాని అందు తేమ ప్రసక్తి లేమిచే, 34 డిగ్రీల ఉక్కలో సొమ్మసిల్లు తీరపు గుఱ్ఱమునకు దానివలన రక్షణ లభింపదు. ఈ లోపమును పాలకులు సవరింపవలసియున్నది.

ఇరువదవ శతాబ్ది తొలిదశాబ్దములలో ఇంగ్లండునుండి ఇండియాకు తెచ్చిన పందెపు గుఱ్ఱములలోను పోలో గుఱ్ఱములలోను ఒక వింతరోగము కనబడినది. కొన్ని మాసములు విపరీతముగా చెమర్చిన పిమ్మట ఆ గుఱ్ఱముల స్వేదగ్రంథులు పని మానివేయును. చర్మము పొడిబాఱి, రోమము రాలి, కొద్దిపాటి నడకకే ముక్కుపుటము లెగురవేయుచు నిలిచిపోవును. ఉష్ణతీరములకు తరలింపబడిన మేలుజాతి గుఱ్ఱములను నేటికిని వేధించుచున్న ఈ వ్యాధికి చల్లని చోటికి మార్చుటకు మించిన చికిత్స లేదు. ఆ దశ రాకుండుటకై వేసవిలో స్వారిని తెల్లవాఱుజాముననే ముగించుట, కొత్తగా వచ్చిన గుఱ్ఱమునకు రెండు మూడు వారములు మెల్లగా పనిని పెంచుచు వేడికి అలవాటు చేయుట అవసరము.

దాహము విషయమున గుఱ్ఱమును నమ్మరాదు. మన చెమటలో ఉప్పు రక్తమునందుకంటె తక్కువ. గుఱ్ఱపు చెమటలో రక్తముతో సమానముగనో అంతకు మించియో యుండును. కావున నీటితోపాటు ఉప్పును పోవుటచే రక్తము చిక్కబడదు. చిక్కబడనందున మెదడునకు దాహపు సూచన యందదు. డస్సిపోయిన గుఱ్ఱము తొట్టియొద్ద నిలిచి నీటిని మూచూచి మొగము త్రిప్పుకొనుటకు కారణమిది. దినమునకు ఒక గుప్పెడు ఉప్పు దాణాలో గలిపినచో తిరిగి దప్పిక పుట్టును. స్వారినుండి వచ్చిన వెంటనే నీరు త్రాగనీయరాదనియు, వేడెక్కిన కండపై చన్నీళ్ళు పోసినచో పట్టుకొనిపోవుననియు పెద్దలు చెప్పుచుండిరి. 1996 అట్లాంటా ఒలింపిక్కుల సందర్భమున జరిగిన పరిశోధనలు ఈ భయము నిరాధారమని తేల్చినవి. దేహమంతటను చన్నీళ్ళను ఎడతెగక పోయుచుండుటయే ప్రాణరక్షకము. పోసి యూరకుండిన నీరు వెండ్రుకలలో వేడెక్కి దుప్పటివలె కప్పును గనుక ఆపకుండ పోయవలెను. గుఱ్ఱపు సహజోష్ణము 37.5 మొదలు 38.5 డిగ్రీలు, పైపెదవి నెత్తి చిగురును బొటనవ్రేలితో నొక్కి విడిచినచో తెల్లబడిన చోటు రెండు సెకండ్లలో మరల గులాబివన్నెకు రావలయును. ఆలస్యమైనచో రక్తప్రసారము తగ్గినదని గ్రహింపవలెను.

మృగశిర చొచ్చి తొలకరి పడినంతనే వేడి తగ్గును, బెడద తగ్గదు. గుఱ్ఱము నాలుగు వ్రేళ్ళ కొనలపై నిలిచిన జంతువు. ఒక్కొక్క కాలికి ఒక్కొక్క వ్రేలు, ఆ వ్రేలిని కప్పిన గోరే గిట్ట. అది నెలకు 6 మొదలు 10 మిల్లీమీటర్ల వఱకు పెరుగును. కావున ఆఱు, ఎనిమిది వారముల కొకమాఱు చెక్కించి, లాడము వేసియున్నచో విప్పి మరల కొట్టింపవలెను. గిట్ట యడుగున మడమనుండి ముందునకు మొనదేలిన ముక్కోణపు మెత్తనిదిండు ఒకటి యున్నది. అడుగు పడినప్పుడెల్ల ఆ భాగము నొక్కుకొని గిట్టలోని రక్తమును పైకి నెట్టును. దిండునకు ఇరువైపుల నున్న గాళ్ళలో బురదయు పేడయు దూఱి, గాలి తగులక, నిలువయుండినచో మెత్తని కొమ్ముపదార్థము కుళ్ళనారంభించును. ప్రతిదినము సాయంకాలము భుజమునుండి చేతిని క్రిందికి జార్చుచు మడమపై నొక్కినచో మచ్చికైన గుఱ్ఱము కాలెత్తి యిచ్చును. అప్పుడు ఇనుపకొక్కెముతో మడమవైపునుండి మొనవైపునకు గాడిని గీయవలెను. వచ్చునది పొడిమట్టియైనచో సంతోషము. నల్లని జిగురు వచ్చి, దానివెంట ఒకవిధమైన కుళ్ళుకంపు ముక్కునకు తగిలినచో, మందుకంటె ముందు మార్పవలసినది నేలను. మన పశువులపాకలలో మూత్రము నిలుచు పల్లపు నేల ఎద్దునకు చెల్లుబడియగునేమోగాని గుఱ్ఱమునకు పనికిరాదు. మెరకవేసి, వాలు పెట్టి, పైన ఇసుక పోసినచో చాలును, రాతిపలకలు అక్కఱలేదు.

వానకారున గుఱ్ఱమునకు బద్ధశత్రువు జోరీగ. పాలపశువు రక్తమును గ్రోలి, ఆ తడిమూతితోనే గుఱ్ఱముపై వ్రాలి, ట్రిపనోసోమా ఇవాన్సై అను సూక్ష్మజీవిని దాని రక్తములో చేర్చును. సర్రా యను ఈ వ్యాధికి కారణమైన జీవిని 1880లో గ్రిఫిత్ ఇవాన్సు అను సైనిక పశువైద్యుడు అప్పటి పంజాబులోని డేరా ఇస్మాయిల్ ఖాను నందు గుఱ్ఱముల, ఒంటెల రక్తములో కనుగొనెను. జ్వరము వచ్చును, పోవును, మరల వచ్చును. మేత బాగుగనే తినుచుండగా ఒడలు కరగును. కాళ్ళును పొట్టయడుగును నీరుపట్టును. కడపట వెనుకకాళ్ళు తడబడును. మందు దొరకును, ఆలసింపకున్న బ్రదుకును, ఉపేక్షించిన చచ్చును. గేదెలలో ఈ సూక్ష్మజీవి పైకి లక్షణమేదియు చూపక నెలలకొలది దాగియుండగలదు గనుక, మన యూళ్ళలో అలవాటుగా గుఱ్ఱమును గేదెలతో ఒకేపాకలో కట్టుట పెనుప్రమాదము. ఆషాఢము మొదలు కార్తికము వఱకు కారణము తెలియని జ్వరము వచ్చిన ప్రతి గుఱ్ఱమునకును రక్తపరీక్ష చేయింపవలయును. విజయనగరము జిల్లా గరివిడిలో పశువైద్యకళాశాల యేర్పడుట ఈ ప్రాంతపు గుఱ్ఱములకును మేలే. ఇక ఈ కాలముననే గీఱుకొన్న చిన్నపుండు మానక, కండ పెరిగి, లోపల పచ్చని రవలు కట్టుటయు కలదు. ఉత్తరదేశమున దీనికి బర్సాతీ యని పేరు. గుఱ్ఱపు జీర్ణకోశములోని పురుగుల పిల్లలను ఈగలు మోసికొనివచ్చి పుండులో విడుచుటయే దీనికి మూలము. చలి ముదిరి ఈగలు తగ్గినచో తానే మానును గనుక వెనుకటివారు దీనిని వానదోషమని యూరకుండిరి. పేడను ఏనాటికానాడు దూరముగా పోసినచో చాలవఱకు రాదు.

ఇచట ఒకమాట చెప్పక ముందునకు పోలేను. ఈ వానకారుననే వరిగట్లపై కూలివానిని నాగుపామో, కట్లపామో, రక్తపింజరియో, చిన్నపింజరియో కఱచును. ఆసుపత్రిలో వానికెక్కించు విషవిరుగుడు గుఱ్ఱపు రక్తమునుండి తీసినది. స్వల్పస్వల్పముగా విషము నెక్కించి, గుఱ్ఱపు దేహము సృష్టించిన ప్రతిరక్షకములను వేఱుపఱచి దానిని సిద్ధము చేయుదురు. తన జీవితమున గుఱ్ఱమును దరిజూడని రైతు సైతము దానికి ఋణపడియున్నాడు.

మేత విషయమున మనము చేయు తప్పు పెద్దది. ఎద్దునకు నాలుగరల పొట్ట. నెమరువేసి, మోటుగడ్డిని సైతము తీరికగా కరగించును. గుఱ్ఱపు జీర్ణాశయము దేహమును బట్టి చూడగా మిక్కిలి చిన్నది, 8 మొదలు 15 లీటర్లు పట్టునది. గడ్డి పులియునది దాని వెనుకనున్న పెద్దప్రేగులలో. పైగా గుఱ్ఱము వాంతి చేసికొనలేదు. దాణాను ఒక్కమాఱుగా కుమ్మరించినచో పొట్ట ఉబ్బి, కడుపునొప్పితో నేలబడి దొర్లి, ప్రేగు మెలివడి మరణించుట కలదు. ఎడతెగక కొంచెము కొంచెముగా నమలుట దాని ధర్మము. నమలినప్పుడే లాలాజలము ఊరును, ఆమ్లమన్ననో మేత లేకున్నను ఊరుచునే యుండును. 250 కిలోల కొండగుఱ్ఱమునకు దినమునకు సుమారు 5 కిలోల ఎండుమేత వలయును; అందు అధికభాగము గడ్డియే కావలెను.

సంక్రాంతినాటికి మనకు లభించునది వరిగడ్డి. అది బలహీనమైనది, వానకు తడిసి బూజుపట్టినచో ఊపిరితిత్తులకును విషము. దానికి తోడు మిల్లు తవుడును బకెట్లతో పెట్టి గుఱ్ఱమును నిగనిగలాడించితిమని పలువురు సంతసింతురు. బియ్యపుతవుడులో కాల్షియముకంటె భాస్వరము పదిరెట్లకు మించి యుండును. వరిగడ్డిలోని ఆక్జలేటులు ఉన్న కాల్షియమును సైతము దేహమునకు దక్కనీయవు. గుఱ్ఱపు దేహము రక్తములోని కొఱతను తీర్చుకొనుటకై తన యెముకలను తానే కరగించుకొనును. మొగపు టెముకలు మెత్తబడి ఉబ్బును, కాళ్ళు కుంటువడును. ఐరోపాలో పిండిమరలవారి గుఱ్ఱములకు వచ్చుచుండిన వ్యాధి యిదియే. తవుడును పిడికిళ్ళకు తగ్గించి, బూజులేని వేరుశనగకట్టెను, పెసరపొట్టును, గరికను చేర్చినచో ఈ ప్రమాదము తప్పును. ఉలవలు మన మెట్టనేలల పంట, మాంసకృత్తులు గలది. పచ్చివానిలో జీర్ణమునకు అడ్డుపడు పదార్థములుండును గనుక నానబెట్టి ఉడికించి గుగ్గిళ్ళుగా పెట్టు పాతపద్ధతియే మంచిది, కాని కష్టపడు గుఱ్ఱమునకే, అదియు మితముగా. పాక చేరువను గన్నేరుచెట్టు ఉండరాదు. కొలదియాకులే ప్రాణము తీయును. ఆముదపుగింజయు నట్టిదే.

ఆశ్వయుజ కార్తికములు తుపానుల కాలము. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖయొద్ద, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస ప్రాంతమున తీరము దాటినవి. తిత్లీకి పలాస చుట్టునున్న ఉద్దానపు కొబ్బరి, జీడితోటలు నేలమట్టమైనవి. హెచ్చరిక వచ్చిన దినమున గుఱ్ఱమును రేకుల పాకలోగాని కొబ్బరిచెట్ల క్రిందగాని ఉంచరాదు. మెరకనేలపై, కంచెగల బయలులో పగ్గము విప్పి విడిచినచో గాలికి వీపునిచ్చి అదియే నిలుచును. ఎగిరిపడిన రేకులు, మేకులు గాయపఱచును. ధనుర్వాతమునకు గుఱ్ఱమంత సులభముగా లొంగు పెంపుడుజంతువు వేఱొకటి లేదు. కావున తుపానుకాలమునకు ముందే టీకా వేయించియుండవలెను.

మార్గశిరము వచ్చి గాలి పొడిబాఱినతోడనే గుఱ్ఱమునకు తన పూర్వస్థానము లభించినట్లగును. పగలు కుఱుచయగుటను కంటితో గ్రహించి, చలి రాకముందే అది దట్టమైన రోమమును తొడిగికొనును. మన్యపుచలి దానికి చలియే గాదు. వెండ్రుకలు తడిసి గాలి తగిలినప్పుడే వణకును. స్వారి నేర్చుకొనువారికిని, గుఱ్ఱమును తీర్చువారికిని మాఘాంతము వఱకు గల ఈ కాలము శ్రేష్ఠము. తొలి నెల కేవలము నడకయే మంచిది. గుండె కొన్ని వారములలో దృఢపడును, కాని కాలి స్నాయువులకు రక్తప్రసారము తక్కువగుటచే అవి గట్టిపడుటకు నెలలు పట్టును. ఉత్సాహముగా నున్నదని దౌడు తీయించినవారు వానిని తెంపుదురు. రౌతును జీనును కలిపి దేహభారములో ఐదవవంతు మించరాదు. 250 కిలోల తట్టువకు 50 కిలోలు. పైన చెప్పిన 1965 నియమావళి తట్టువకు 70 కిలోలవఱకు అనుమతించినను, కొండదారిలో నేను ఈ ఐదవవంతు లెక్కనే సమర్థింతును. బరువు వెన్నుపూసపై గాక దాని కిరుప్రక్కల కండపై పడునట్లు మెత్తను అమర్పవలెను. జీను తీసిన పిదప వీపున చెమటతో తడిసిన భాగము నడుమ పొడిమచ్చ కనబడినచో, అచట మిక్కిలి యొత్తిడి కలిగినదని యర్థము. పుండు పడకముందే తెలుపు చిహ్నమది.

ఆడుగుఱ్ఱమును చూలు కట్టింపదలచువారు కాలమును ఎన్నుకొనవలెను. పగలు పెరుగు ఫాల్గుణమున అది సహజముగా ఎదకు వచ్చును. చూలు పదునొకండు నెలలు. అప్పుడు పిల్ల మరుసటి మాఘమున, నేల పొడిగా నుండి ఈగలు లేని దినములలో పడును. గంటలోపల అది లేచి నిలువవలెను, రెండు మూడు గంటలలో జున్నుపాలు త్రాగవలెను; తల్లి రక్తములోని రోగరక్షకములు మాయగుండ పిల్లకు చేరవు, ఆ పాలనుండియే రావలెను, ఒకదినము గడచిన పిదప పిల్ల ప్రేగు వానిని గ్రహింపదు. బొడ్డునకు అయోడిను అద్ది, పొడిగడ్డిపై పడుకొనబెట్టవలెను. ఆవు ఈనినపుడు మాయకై పగలెల్ల వేచియుండుట మన రైతులకు అలవాటు. గుఱ్ఱము విషయమున హద్దు మూడు గంటలు. అంతలో పడకున్నచో, రాత్రియైనను సరే, పశువైద్యుని పిలువవలసినదే, చేతితో లాగరాదు.